ఏజెన్సీ అంటే ఎవరి ఏజెన్సీ?

విశాఖపట్నం ద్వారకా బస్‌స్టేషన్‌లో నిలబడి పాడేరు బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందని అడిగితే, చెప్పేవాళ్లు చెబుతూనే "ఏజెన్సీకా?" అని తిరిగి అడుగుతారు. పత్రికల్లో ఏజెన్సీలో చలి, ఏజెన్సీలో బంద్, ఏజెన్సీలో డోలీ మోత. గ్యాస్ ఏజెన్సీ, మందుల ఏజెన్సీ లాంటిదే ఇదీ అనుకున్నాడో ఏమో, మా బంధువుల పిల్లవాడు ఒకసారి "ఆ కొండలన్నీ ఎవరి ఏజెన్సీ?" అని అడిగాడు. అందరం నవ్వేశాం. తీరా ఆలోచిస్తే, నవ్వినవాళ్లలో జవాబు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. జవాబు మాత్రం ఉంది: మద్రాసు గవర్నరుగారి ఏజెన్సీ. ఆ గవర్నరు పోయాడు, ఆయనను పంపిన సామ్రాజ్యం పోయింది, మద్రాసుతో మన సంబంధమూ తెగిపోయింది. మాట మాత్రం మిగిలింది.

మాటతోపాటు, కొండ చట్టాన్ని మైదానపు చట్టం నుంచి వేరు చేసే ఒక గీత కూడా మిగిలింది. 2025 ఫిబ్రవరిలో, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే, అందరూ 1/70 చట్టం అని పిలిచే భూ బదలాయింపు నిబంధనను సవరిస్తారన్న అనుమానంతో మన్యంలో బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నగరంలో టీ కొట్ల దగ్గర తరచూ వినబడిన ప్రశ్న ఇది: "కొండ మీద వేరే చట్టం పెట్టింది తెల్లవాళ్లే కదా, ఇంకా దాన్ని మోయడం ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. అయితే తెల్లవాళ్ల మీద తుపాకీ పట్టిన ఊళ్లవాళ్లే ఆ గీతను చెరపవద్దంటున్నారు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన మాటల్లోనే ఉన్న చిక్కు

తెలుగులో వలస అంటే ముందు గుర్తొచ్చేది మూట నెత్తిన పెట్టుకుని పొట్ట చేతబట్టుకుని పోయే కూలీ. మన పక్కనే కొత్తవలస ఉంది. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ల ఊరు. అదే మాటను పరాయి దేశాన్ని ఏలడానికీ వాడుతున్నాం. కూలీ వలస వెళ్తే ఆ ఊరి చట్టానికి తాను లోబడతాడు. వలస పాలకుడు వస్తే ఊరే అతని చట్టానికి లోబడుతుంది. భూమి ఎవరిదో, పన్ను ఎంతో, నేరం ఏదో దూరాన ఉన్నవాళ్లు తమ లాభం కోసం నిర్ణయించడం, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అందులో మాట లేకపోవడం: వలస పాలన అంటే ఇంతే.

జాతి అనే మాట ఇంకా తికమక. జాతీయ జెండాలో ఉన్నదీ జాతే, జాతి వివక్షలో ఉన్నదీ జాతే. వివక్ష సంగతికొస్తే రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒక దొర నేటివును చూసి ముఖం చిట్లించడం మనిషి బుద్ధి. అదే చిట్లింపు చట్టంలో ఒక సెక్షనుగా మారడం వ్యవస్థ. 1883లో భారతీయ న్యాయాధికారులు తెల్లవాళ్లను కూడా విచారించవచ్చని ఇల్బర్ట్ బిల్లు తెస్తే, దేశంలోని తెల్లవాళ్లు ఎంత గోల చేశారంటే చివరకు దాన్ని నీరుగార్చాల్సి వచ్చింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులన్నది. దాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ జనం ముక్కులను, తలలను పరికరాలతో కొలిచి పట్టికలు కట్టాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి ఎక్కడివాడో, ఎలాంటివాడో తేలుతుందన్నది ఆనాటి శాస్త్రం. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. అలాంటి లెక్కలే ఫలానా తెగ అమాయకమైనది, ఫలానాది ప్రమాదకరమైనది అని కచేరీ ఫైళ్లలోకి ఎక్కిన రోజుల్లో అది నవ్వులాట కాదు.

కలెక్టరు ఏజెంటు ఎలా అయ్యాడు

ఈస్టిండియా కంపెనీకి ఉత్తర సర్కారుల మీద పట్టు చిక్కింది 1760లలో. పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల పేచీ ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు విజయరామరాజును చంపారు. (అదే పద్మనాభం మండలంలోని పాండ్రంగిలో 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టాడు. కావాలని కూర్చినట్టుండే ఇలాంటి కలయికలు మన జిల్లాలో చాలానే ఉన్నాయి.) 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చింది. జమీందారు గడువుకు శిస్తు కట్టకపోతే ఎస్టేటు వేలం. మైదానంలో ఇది దౌర్జన్యంగా ఉన్నా సాగింది. కొండల్లో సాగలేదు. అక్కడ జమీందారు కింద ముఠాదారులు ఉండేవారు. కొన్ని ఊళ్లను కలిపితే ఒక ముఠా, దాని పెద్ద ముఠాదారు. వేలంలో కొన్నవాడు కాగితం పట్టుకుని కొండెక్కితే అతన్ని ఎవరూ గుర్తించేవారు కాదు.

పర్లాకిమిడి, విశాఖపట్నం ప్రాంతాల్లో తిరుగుబాట్లు ఆగకపోవడంతో 1832లో జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపారు. ఆ వరుసలోనే 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకు గవర్నరు ఏజెంటు అనే కొత్త హోదా ఇచ్చారు. సివిల్ తగాదా అయినా, క్రిమినల్ కేసైనా, శిస్తు అయినా తీర్పరి ఆయనే. ఏజెంటు ఏలే ప్రాంతం కాబట్టి ఏజెన్సీ.

దీని వెనుక ఉద్దేశం ఏమిటన్న దగ్గర చరిత్రకారుల మధ్య తేడా ఉంది. కొండవాళ్లకు మైదానపు కోర్టులు పనికిరావని, వాళ్లను కాపాడాలనే వేరు చేశారని ఒక వాదన. తిరుగుబాట్లను అణచడానికి కోర్టు చేతులు కట్టేయని అధికారం కావలసి వచ్చిందని మరో వాదన. 1839 నాటికి మాత్రం రెండోదే బలంగా కనిపిస్తుంది నాకు. అప్పుడు కాపాడాలనుకున్నది ముఖ్యంగా శాంతిభద్రతలను. మనుషులను కాపాడే మాట తరువాత వచ్చింది. అది వచ్చిన తీరే ఈ కథలో అసలు మలుపు.

అందరికీ ఒకే చట్టం ఉన్న చోట

రంప కొండలు గోదావరి జిల్లాలో ఉండేవి. 1839 చట్టం వాటికి వర్తించలేదు. అంటే మైదానంలో ఉన్న కోర్టులే అక్కడివాళ్లకూ కోర్టులు. నేటి టీ కొట్టు ప్రశ్న కోరుతున్న పరిస్థితి సరిగ్గా అదే.

ఏం జరిగిందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. కింద నుంచి ఒక షావుకారు సంతకు వచ్చాడు. ఉప్పు, బట్ట అప్పిచ్చాడు. లెక్కకు ఐదు రూపాయలనుకుందాం. కాగితం మీద ఇరవై రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడు. గడువు దాటగానే రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న కోర్టులో దావా వేశాడు. సమను కొండెక్కిందో లేదో. ఎక్కినా చదివేవాళ్లు లేరు. వాయిదా రోజున ప్రతివాది హాజరు కాలేదు, కాబట్టి ఏకపక్ష డిక్రీ. కోర్టు అమీను వచ్చి బాకీ కింద ఎడ్లను తోలుకుపోయాడు. ఇందులో ఎక్కడా చట్టం తప్పలేదు. వాది, ప్రతివాది ఇద్దరూ చట్టం ముందు సమానులే.

1879లో రంప మండిపోవడానికి అధికారుల విచారణలోనే తేలిన కారణాల్లో ఈ ఏకపక్ష డిక్రీలు ఒకటి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం మీద ఆంక్షలు, రంపను ఏలే మన్సబుదారు కల్లు మీద వసూలు చేసిన చిగురు పన్ను, పోలీసుల పీడింపు మిగతావి. తిరుగుబాటు విశాఖ జిల్లాలోని గొలుగొండ కొండలకూ పాకింది. దాన్ని అణచాక రంపనూ ఏజెన్సీలో కలిపారు. కొండలో తిరుగుబాటుకు వేరు చట్టమే కారణమని అనుకునేవాళ్లు ఈ సంవత్సరాన్ని తప్పక చూడాలి.

అలాగని ఏజెంటు పాలన చల్లగా ఉందా అంటే, లేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. పోడు కొట్టుకుని బతికినవాళ్లు తమ కొండ మీదే ఆక్రమణదారులయ్యారు. కట్టె, వెదురు, పశువుల మేత దేనికైనా ఫారెస్టు మనిషి చెయ్యి తడపాలి. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం వచ్చింది. కొండ తెగల భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్లకు పోకూడదని, వడ్డీకి హద్దు ఉండాలని అందులో ఉంది. మనుషులను కాపాడే మాట కాగితం మీదికి స్పష్టంగా ఎక్కింది ఇప్పుడు. అయితే షావుకారు నుంచి భూమికి రక్షణ ఇచ్చిన ఆ ప్రభుత్వమే అడవిని మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

1922లో ఎవరిని కాల్చారు, ఎవరిని వదిలేశారు

నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించిన బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కూలి ఎగ్గొట్టి వెట్టి చేయించాడు. పదవులు, భూములు పోయిన ముఠా పెద్దలు అప్పటికే రగులుతున్నారు. గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర ఆ కోవలోనివాళ్లే. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో వీళ్లు 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయారు.

ఇక్కడ సెప్టెంబరు 24 నాటి దామనపల్లి ఘాట్ ఘటన దగ్గర కాసేపు ఆగాలి. ఇరుకు దారిలో పోలీసు బలగం వరుసగా నడుస్తోంది. ముందు భారతీయ సిపాయిలు, వెనుక తెల్ల అధికారులు. పొదల్లో పొంచి ఉన్నవాళ్లు ముందు వరసను కదలకుండా పోనిచ్చి, అధికారులు రాగానే కాల్చారు. స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు చనిపోయారు. భారతీయులను చంపవద్దన్నది సీతారామరాజు పెట్టిన కట్టడి. పాలకులు మనుషులను రంగును బట్టి వేరు చేసి చట్టాలు రాస్తే, అదే గీతను ఈయన తిప్పి పట్టుకున్నాడు.

ఇది అచ్చంగా గిరిజన పోరాటమా, జాతీయోద్యమంలో భాగమా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. నాయకుడు మైదానపు క్షత్రియుడు, సహాయ నిరాకరణ గాలి సోకినవాడు, ఖద్దరు కట్టమని, తాగుడు మానమని చెప్పినవాడు. వెంట నడిచినవాళ్ల కోపం మాత్రం కూలి డబ్బుల మీద, పోడు మీద, వెట్టి మీద. ఒక్క పేరులోకి రెండింటినీ కుదించడం సులువే గాని, గంటం దొరకు అన్యాయం జరుగుతుంది. మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చాక 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చిచంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జైలు పాలైన మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నగరంలో ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో!

అదే 1924లో ఏజెన్సీ నియమాలు అని కొత్తగా రాశారు. కొండ ప్రాంతంలో సివిల్ దావాలు ఏజెంటు, ఆయన కింది అధికారులే వినాలన్నది వాటి సారం. రాజును చంపిన ఏడాది రాసిన ఆ నియమాలు స్వాతంత్ర్యం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా నడిచాయి.

వెనుకబడిన, మినహాయించిన, షెడ్యూల్డు

గీత అలాగే ఉంది, పేరు మాత్రం మారుతూ వచ్చింది. 1874లో షెడ్యూల్డు జిల్లాలు. 1919 భారత ప్రభుత్వ చట్టంలో వెనుకబడిన ప్రాంతాలు. 1935 చట్టంలో పూర్తిగా మినహాయించినవి, పాక్షికంగా మినహాయించినవి అని రెండు రకాలు. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు, దాని కింద షెడ్యూల్డు ప్రాంతాలు.

1935 నాటి మినహాయింపును జాతీయవాదులు చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. మా ప్రజల్లో ఒక ముక్కను కోసి, ఎన్నికైన మంత్రుల చేతికి అందకుండా గవర్నరు దగ్గర పెట్టారన్నారు. విభజించి పాలించడంలో ఇదొక ఎత్తన్నారు. మానవ శాస్త్రవేత్తలూ రెండుగా చీలారు. వెరియర్ ఎల్విన్ ఆదివాసులను బయటి పోటు నుంచి కాపాడాలన్నాడు, జి.ఎస్. ఘుర్యే వాళ్లు వేరే ప్రపంచమేమీ కాదని, హిందూ సమాజంలో వెనుకబడిన భాగమని, కలుపుకోవడమే దారి అని వాదించాడు. ఈ పెద్దల మధ్య వాదనలో ఆదివాసి గొంతు వినబడింది 1946 డిసెంబరులో, రాజ్యాంగ సభలో. ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ లేచి, తన ప్రజల చరిత్ర అంతా ఈ దేశంలోని ఆదివాసేతరులు చేసిన దోపిడీ, భూముల నుంచి గెంటివేతేనని, నడుమ నడుమ తిరుగుబాట్లని చెప్పాడు. ఆయన వేలు చూపింది ఇంగ్లండు వైపు మాత్రమే కాదు, సభలో కూర్చున్నవాళ్ల వైపు కూడా. కొండవాళ్లకు వలస పాలన తెల్ల ముఖంతో ఒక్కటే రాలేదన్నమాట. ఆ ఎడ్లను తోలించిన షావుకారు మనవాడే.

వేరు చట్టం ఉన్నంత మాత్రాన అది రక్షణ అవుతుందని కూడా అనుకోలేం. దక్షిణాఫ్రికాలో 1913 భూ చట్టం నల్లవాళ్లకు దేశంలో సుమారు 7 శాతం భూమి గీసి, దాని బయట కొనకూడదన్నది. తరువాత అది 13 శాతం దాకా పెరిగింది. అదీ జాతిని బట్టి గీసిన భూమి గీతే. తేడా ఒక్కచోట ఉంది: అక్కడి గీత లోపలివాళ్లను బయట కొననివ్వలేదు. ఇక్కడి గీత బయటివాళ్లను లోపల కొననివ్వదు. పాడేరు గిరిజనుడు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఫ్లాటు కొనుక్కోవచ్చు.

లంబసింగిలో ఎకరం లీజుకు తీసుకుంటే

చలికాలంలో లంబసింగికి కార్లు బారులు తీరుతాయి. గుడారాలు, కాటేజీలు వేస్తే బాగుంటుందని నగరంలోని ఒక గిరిజనేతర వ్యాపారికి ఆలోచన వచ్చిందనుకుందాం. అక్కడి ఒక రైతు ఎకరం లీజుకిస్తానన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండేళ్లకు రాసుకున్నారు, నోటరీ ముద్ర వేయించారు. చెల్లుతుందా?

చెల్లదు. 1959లో వచ్చి 1970లో పదును పెరిగిన నిబంధన (అదే 1/70) ప్రకారం అమ్మకం, దానం, తాకట్టు, మార్పిడితోపాటు లీజు కూడా బదలాయింపే. గిరిజనుడు గిరిజనుడికి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే ఇవ్వగలడు. నోటరీ ముద్ర కాగితానికి అందమే తప్ప హక్కు ఇవ్వదు.

ఇప్పుడు ఇంకో మనిషిని తీసుకుందాం. మూడు తరాలుగా అక్కడే ఉంటున్న గిరిజనేతర కుటుంబం. వాళ్ల భూమి మీద ఎల్టీఆర్ కేసు (ఇదే భూ బదలాయింపు నిబంధన కింద వేసే కేసు) పడితే, అది ఒకప్పుడు గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించే బాధ్యత వాళ్లది. వాళ్లు అమ్ముకోవాలన్నా కొనేవాడు గిరిజనుడై ఉండాలి. దొరకకపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవాలి. ఇది అన్యాయమని వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. భూమి చేతులు మారిన తీరుకు కాగితాలు ఉండవు కాబట్టి రుజువు భారం గిరిజనుడి మీద పెడితే చట్టమే ఉత్తదవుతుందన్నది దాని వెనుక తర్కం. పైన చూసిన ఏకపక్ష డిక్రీకి ఇది సరిగ్గా తలకిందులు.

గిరిజనేతరుల బాధ కల్పితమేమీ కాదు. అక్కడే పుట్టిన దళిత కుటుంబాలూ అందులో ఉన్నాయి. గిరిజన రైతులకూ ఇబ్బంది ఉంది: కొనేవాళ్లు తక్కువ కాబట్టి భూమికి ధర రాదు, పిల్ల పెళ్లికో చదువుకో అమ్మాలంటే వచ్చేది అంతంతమాత్రం. రెండో వైపు వాదన ఇది: ధర రాకపోవడం వల్లే ఆ భూమి ఇంకా వాళ్ల చేతిలో ఉంది. అరకు దారిలో బినామీ పేర్ల మీద లేచిన కట్టడాల గురించి స్థానికులు చెప్పేది వింటే ఈ రెండో వాదనకు బలం ఎక్కడిదో తెలుస్తుంది.

ప్రభుత్వమే భూమి ఇస్తే? అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. బదలాయింపు చేయకూడని వ్యక్తుల్లో ప్రభుత్వం కూడా ఒకటి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదు. 1882లో అడవిని తన దగ్గర పెట్టుకున్న సర్కారుకు నూట పదిహేనేళ్ల తరువాత ఇంకో సర్కారు కాలంలో పడిన కళ్లెం ఇది. అయినా 2015లో చింతపల్లి, జెర్రెల బాక్సైటుకు జీవో వచ్చింది; ఆందోళనలు చెలరేగాయి, 2019లో రద్దయింది.

గీత ఎప్పుడూ గిరిజనుల వైపే గెలుస్తుందని లేదు. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమన్నది. పిల్లల భాష తెలియని, బదిలీ కోసం కళ్లు కాయలు కాచేలా చూసే పంతుళ్ల కంటే ఊరి మనిషి మేలు కదా అని జీవోను సమర్థించేవాళ్లు అంటారు. అక్కడే తరాలుగా ఉన్న ఇతరుల పిల్లలకు ఒక్క ఉద్యోగమైనా వద్దా అని అవతలివాళ్లు అడుగుతారు.

వాగుకు ఇవతల

గీత ఉండాలా వద్దా అన్న వాదనలో అందరూ మరచిపోయే ఊళ్లు కొన్ని ఉన్నాయి. రావికమతం, రోలుగుంట, నాతవరం, గొలుగొండ, దేవరాపల్లి మండలాల కొండ అంచుల్లో ఉండే ఆదివాసీ పల్లెలు ఐదో షెడ్యూలులో లేవు. మనుషులు అవే తెగలవాళ్లు, జబ్బు చేస్తే మోసే డోలీ అదే. 1/70 మాత్రం లేదు. వాగుకు అవతల ఉన్న బాబాయి జీడితోట మీద బయటివాడు కన్ను వేస్తే ఎల్టీఆర్ కేసు వేయవచ్చు. వాగుకు ఇవతల ఉన్న అబ్బాయి తోట రికార్డుల్లో ఇంకొకరి పేరు మీదకు మారితే మామూలు సివిల్ కోర్టుకు పోవాలి, వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి.

ఈ పల్లెలను షెడ్యూల్డు ప్రాంతంలో కలపాలని ఏళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్ దాకా ఆ అర్జీ తీసుకునే అధికారి విశాఖపట్నం కలెక్టరు. వాగుకు ఇవతల ఆయన ఉత్త కలెక్టరు, అవతల ప్రభుత్వ ఏజెంటు. ఆ నెలలో జిల్లాలు విడగొట్టారు. అవతలి ఒడ్డు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఇవతలి ఒడ్డు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. ఇప్పుడు అర్జీ పెట్టాలంటే పాడేరు ఘాట్ ఎక్కాలా, అనకాపల్లి బస్సు ఎక్కాలా అన్నది ముందు తేల్చుకోవాలి.